మోటారు తిరుగుతున్నా పడవ నడవనప్పుడు

పడవ వెనుక బిగించే పాత ఔట్‌బోర్డు మోటారు వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు తప్పక ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. తాడు లాగగానే మోటారు అందుకుంటుంది, గేరు పడుతుంది, పడవ రేవు నుంచి మామూలుగానే బయలుదేరుతుంది. నది నడుమకు చేరి, ప్రవాహానికి ఎదురెక్కవలసి వచ్చి, థ్రాటిల్ పూర్తిగా తిప్పేసరికి మోటారు హోరు ఒక్కసారిగా పైకి లేస్తుంది గాని పడవ వేగం పెరగదు. ఒక్కొక్కసారి ఉన్న వేగం కూడా పడిపోతుంది. ఇటువంటి సమయంలో చాలామంది మొదట చేసే పని మూత తీసి కార్బొరేటర్ విప్పడం. తొంభై పాళ్లు అది అనవసరమైన పని అని నా అభిప్రాయం. తోపు, అంటే పడవను ముందుకు నెట్టే బలం, ఎక్కడ పోతోందో తెలుసుకోవాలంటే నీటిలో ఉన్న భాగం నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. మూత తీయడం ఆఖరున రావలసిన పని.

మా పడవ గోదావరి డెల్టాలోని వైనతేయ పాయ మీద, అప్పనపల్లికి దిగువన ఉన్న రేవు నుంచి లంక పొలానికి తిరుగుతుంది. కొబ్బరికాయలు, పశుగ్రాసం, ఎరువు బస్తాలు, కోతల రోజుల్లో కూలీలు, ఇవీ దాని బరువులు. ఫైబరు పడవ, వెనుక పలకకు 9.9 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారు బిగించి ఉంటుంది. అది మా చేతికి వచ్చేనాటికే పాతది. గత వానాకాలం చివరలో దానికి ఈ జబ్బు చేసింది. పడవ నడిపే కుర్రవాడు వచ్చి, "ఇంజను గట్టిగానే అరుస్తందండి మావయ్యగారూ, పడవే లాగట్లేదండి" అన్నాడు. రోగ నిర్ణయానికి కావలసిన మొదటి ఆధారం ఆ ఒక్క మాటలోనే ఉంది. దాని సంగతి చెప్పే ముందు ఇక్కడి నీటి సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో మోటారుకు వచ్చే జబ్బులలో సగం ఈ నీటివల్లనే వస్తాయి.

ధవళేశ్వరం ఆనకట్ట దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి విడివడిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వరదల కాలంలో పాయ నిండా ఎర్రనీరు ఉంటుంది. అందులోని ఒండ్రు, సన్నటి ఇసుక మోటారు చల్లబడడానికి పీల్చుకునే నీటితోపాటు లోపలికి పోతాయి. కాలువల నుంచి కొట్టుకువచ్చిన గుర్రపు డెక్క గుంపులు గుంపులుగా ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మేము పడవ కట్టేస్తాము. కాని వరద తీసిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. నిన్నటి లోతు నేడు ఉండదు; కొత్త ఇసుక మేటలు వేసి ఉంటాయి, వాటిలో కొట్టుకువచ్చిన మొద్దులు పూడిపోయి ఉంటాయి. 2022 జూలై వరద తరువాత మా రేవు ముందున్న దారే మారిపోయింది. ఇక వేసవిలో ఆనకట్ట నుంచి దిగువకు వచ్చే నీరు తగ్గిపోగానే పోటుతో ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. ఇసుక, నాచు, ఉప్పు అన్నీ ఒకే ఏడాదిలో ఒకే మోటారు భరించాలి. కొండవాగులో తిరిగే పడవకు గాని, అచ్చంగా సముద్రంలో తిరిగే పడవకు గాని ఇన్ని రకాల బాధ ఒక్కసారిగా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తోపు తగ్గినప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: మోటారు వేగంగా తిరుగుతూ పడవ వెళ్లడం లేదా, లేక మోటారే తిరగవలసినంత వేగంగా తిరగడం లేదా? ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ పడవ మెల్లగా పోతుంది. కాని కారణాలు పూర్తిగా వేరు. హోరు మామూలుకంటే పెరిగి పడవ నడవకపోతే, పుట్టిన శక్తి నీటికి చేరే దారిలో ఎక్కడో జారిపోతున్నదని అర్థం; ప్రొపెల్లర్, దాని లోపలి రబ్బరు బుష్, గేర్లు, షాఫ్టు, మోటారు నీటిలో ఉన్న లోతు, వీటిలో దేనిలోనో లోపం ఉంది. హోరు మామూలుకంటే తగ్గి, మోటారు గొంతు పట్టేసినట్టుగా మూలుగుతూ ఉంటే శక్తే సరిగా పుట్టడం లేదు; అప్పుడు పెట్రోలు, ప్లగ్గులు, కార్బొరేటర్ చూడాలి, లేదా పడవ అడుగు చూడాలి. పాత మోటార్లకు చక్రభ్రమణాలు చూపే మీటరు ఉండదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి. ప్లగ్గు తీగకు చుట్టుకుంటే భ్రమణాల సంఖ్య చూపించే చిన్న మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనడానికి వీలున్నవారికి అది ఎంతో మేలు చేస్తుంది.

వేగం సంగతి కూడా ఊహకు వదలకూడదు. ప్రొపెల్లర్ మీద చెక్కి ఉండే రెండు అంకెలలో మొదటిది వ్యాసం, రెండవది పిచ్. పిచ్ అంటే జారుడు ఏమాత్రం లేకపోతే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగినప్పుడు ముందుకు సాగవలసిన దూరం, అంగుళాలలో. పిచ్ 9 అంగుళాలు, మోటారు నిమిషానికి 5000 చుట్లు, గేరు నిష్పత్తి సుమారు రెండుకు ఒకటి అనుకుంటే ప్రొపెల్లర్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంది. అంటే 22,500 అంగుళాలు, అంటే 571 మీటర్లు. గంటకు లెక్కవేస్తే 34 కిలోమీటర్లు. ఇది కాగితం మీద వేగం. నీటిలో జారుడు తప్పదు. బరువు వేసిన పడవకు ఈ అంకెలో సగం వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. ముఖ్యమైనది ఏమిటంటే, మోటారు ఆరోగ్యంగా ఉన్న రోజున, మామూలు బరువుతో, పడవ ఎంత వేగంతో వెళుతుందో ఫోన్‌లోని జీపీఎస్‌తో కొలిచి రాసిపెట్టుకోవాలి. ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి కొలిచి సగటు తీయాలి, లేకపోతే ప్రవాహం వేగమో పోటు వేగమో లెక్కలో కలిసిపోతుంది. మా పడవకు అటువంటి లెక్క ఒకటి మూత లోపలి వైపున పెయింటుతో రాసి ఉంది. జబ్బు చేసిన తరువాత కొలిస్తే, సగం థ్రాటిల్ వరకు వేగం పాత లెక్కకు దగ్గరగానే ఉంది. అక్కడి నుంచి పైకి హోరు పెరిగింది గాని అంకె పెరగలేదు. కనుక ఇది కింది భాగం జబ్బేనని తేలిపోయింది, కార్బొరేటర్ జోలికి పోవలసిన పని తప్పింది.

కింది భాగంలో మొదట చూడవలసింది కంటికి కనిపించేదే. మోటారును పైకి ఎత్తి ప్రొపెల్లర్ రెక్కలు చూడాలి. గుర్రపు డెక్క వేళ్లు, వల ముక్కలు, ప్లాస్టిక్ గోతాల పీచు రెక్కల మొదట్లో చుట్టుకుని ఉంటే ప్రొపెల్లర్ నీటిని పట్టలేదు. దీనిని చేతితో లాగి పారవేసి అంతటితో వదిలిపెట్టకూడదు. ముఖ్యంగా నైలాన్ దారం షాఫ్టు చుట్టూ బిగిసి, ప్రొపెల్లర్‌కూ గేరు పెట్టెకూ నడుమ దాగి, ఆయిలు సీలును కోసివేస్తుంది. సీలు తెగితే గేరు ఆయిలులోకి నీరు దిగుతుంది. అది ఆ రోజుకు తెలియదు. నెలల తరువాత గేర్లు తుప్పు పట్టి అరిగిపోయినప్పుడు తెలుస్తుంది. అందుచేత దారం కనిపించిన ప్రతిసారీ ప్రొపెల్లర్ ఊడదీసి చూడవలసిందే. అంతకంటే ముందు, లాగితే మోటారు ఆగిపోయే సేఫ్టీ తాడు లాగివేసి, రెండు ప్లగ్గుల తీగలూ విడదీయాలి. గేరులో ఉన్న పాత మోటారు ప్రొపెల్లర్‌ను చేతితో తిప్పితే మోటారు స్టార్టయ్యే ప్రమాదం ఉంది. చేతివేళ్లు పోగొట్టుకున్న తరువాత ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు.

చిన్న మోటార్లలో కొన్నింటికి ప్రొపెల్లర్‌ను షాఫ్టుతో కలిపేది ఒక చిన్న పిన్ను మాత్రమే. దానిని షేర్ పిన్ను అంటారు. ప్రొపెల్లర్ మొద్దుకో ఇసుకకో కొట్టుకున్నప్పుడు గేర్లు విరగకుండా తాను విరిగిపోవడమే దాని పని. అది విరిగితే మోటారు ఎంత హోరెత్తినా పడవ అంగుళమైనా కదలదు. సగం సగం తోపు అనేది ఉండదు. విరిగిన పిన్ను స్థానంలో మేకు ముక్కనో ఉక్కు కడ్డీనో దూర్చేవారిని చూశాను. ఇది నాకు ఎంతో బాధ కలిగించే అలవాటు. ఆ తరువాత దెబ్బ తగిలితే మేకు నిలుస్తుంది, గేరు పళ్లు రాలిపోతాయి. సరైన పిన్నులు రెండు మోటారు మూతలోనే టేపు వేసి అంటించి ఉంచుకుంటే ఆ అవసరమే రాదు.

రెక్కలు శుభ్రంగా ఉండి, పిన్ను బాగానే ఉంటే తరువాత మోటారు ఎత్తు చూడాలి. ప్రొపెల్లర్‌కు పైన రెక్కలా అడ్డంగా ఒక పలక ఉంటుంది. నీటి ఉపరితలం నుంచి గాలి కిందికి దిగి ప్రొపెల్లర్‌కు చేరకుండా ఆపడం దాని పని. మా వంటి పడవలలో ఆ పలక పడవ అడుగుభాగానికి సమానంగా గాని, ఒక అంగుళం దిగువన గాని ఉండాలి. దానికంటే పైకి ఉంటే ప్రొపెల్లర్ నీటికి బదులు గాలి కలిసిన నురగను తిప్పుతుంది; హోరు పెరుగుతుంది, తోపు పోతుంది. వెనుక పలక పుచ్చిపోయిందని కొత్త చెక్క వేసినప్పుడు, లేదా లోతు తక్కువ రేవులో ప్రొపెల్లర్ తగలకుండా ఉండాలని మోటారును ఒక మెట్టు పైకి బిగించినప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. బరువంతా పడవ ముక్కు వైపు వేస్తే వెనుక భాగం లేచిపోయి కూడా వస్తుంది. మలుపు తిరిగినప్పుడు, ఓడలరేవు వైపు అల ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే కనిపించి నేరుగా వెళ్లేటప్పుడు కనిపించకపోతే చాలావరకు ఇదే కారణం. పరీక్ష కూడా తేలికే. రెండు బస్తాలు వెనక్కు జరిపి, మోటారు వంపు పిన్నును ఒక రంధ్రం మార్చి మళ్లీ నడిపి చూడాలి. తేడా వస్తే కారణం దొరికినట్టే. ఇలా గాలి పీల్చుకోవడాన్ని చాలామంది కేవిటేషన్ అంటారు గాని అది వేరు. రెక్క వెనుక పీడనం మరీ పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారడం కేవిటేషన్. రెక్క అంచు వంగినా, సొట్టపడినా అది మొదలవుతుంది. ఆ బుడగలు పేలిన చోట లోహం మీద సూదులతో పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. ఇసుక మేటలను తాకి తాకి రెక్కల అంచులు గుండ్రంగా అరిగిపోయిన ప్రొపెల్లర్ కూడా తోపు తగ్గిస్తుంది. అయితే ఆ తగ్గుదల ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది, ఒక రోజున హఠాత్తుగా రాదు.

మా మోటారు నేరుగా వెళ్లేటప్పుడు, నిండు లోతులో, బరువు వెనక్కు జరిపినా అలాగే చేసింది. ఇక మిగిలింది ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత మోటార్లలో ఈ రకం జబ్బుకు ఇది చాలా తరచుగా కారణమవుతుంది, అయినా దీనిని అనుమానించేవారు తక్కువ.

షేర్ పిన్ను లేని మోటార్లలో ప్రొపెల్లర్ చూడడానికి ఒకే ముక్కగా కనిపించినా నిజానికి మూడు భాగాలు. మధ్యలో పళ్లు ఉన్న ఇత్తడి గొట్టం షాఫ్టు మీద కూర్చుంటుంది. దాని చుట్టూ గట్టి రబ్బరు బుష్ ఉంటుంది. ఆ రబ్బరు మీద రెక్కలున్న అల్యూమినియం భాగం బిగుతుగా ఎక్కి ఉంటుంది. రెక్క దేనికైనా తగిలినప్పుడు ఆ దెబ్బను రబ్బరు కొంత మింగి, మరీ గట్టిదైతే తాను జారి, గేర్లను కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, పట్టు సడలుతుంది. పొగ ప్రొపెల్లర్ మధ్య నుంచే బయటకు వచ్చే మోటార్లలో ఆ వేడి కూడా దానిమీద పని చేస్తుంది. ఇసుకలో ఒక్కసారి గట్టిగా కూరుకుపోయి, థ్రాటిల్ ఇచ్చి బయటకు లాగిన రోజున అది మొదటిసారి జారుతుంది. ఒకసారి జారిన రబ్బరు లోపల నునుపుదేలి, ఆ తరువాత తక్కువ బలానికే జారుతుంది. మోటారుసైకిల్‌కు క్లచ్ ప్లేట్లు అరిగినప్పుడు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది: మెల్లగా పోతే పట్టు దొరుకుతుంది, గట్టిగా ఇస్తే ఇంజను పరుగెడుతుంది గాని బండి పరుగెత్తదు.

ప్రొపెల్లర్‌ను చేతితో తిప్పి చూస్తే ఈ లోపం తెలియదు. మనిషి చేతి బలానికి ఆ రబ్బరు జారదు, మోటారు బలానికే జారుతుంది. అందుకే చాలామంది "ఫ్యాను గట్టిగానే ఉంది" అని తేల్చివేసి పైకి వెళ్లిపోతారు. మా ప్రాంతంలో మోటార్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, అందరమూ బాబాయ్ అనే పిలుస్తాము. ఆయన చేసిన పరీక్షకు ఖర్చు ఏమీ లేదు. ప్రొపెల్లర్ వెనుక వైపు నట్టు, వాషరు తీసి, గుడ్డతో తడి తుడిచి, ఇత్తడి గొట్టం అంచు మీదుగా రబ్బరు దాటి అల్యూమినియం వరకు తెల్ల పెయింటుతో నేరుగా ఒక గీత గీశారు. గీత ఆరేవరకు ఆగి, వాషరు, నట్టు బిగించి, నట్టు ఊడకుండా అడ్డుపడే స్ప్లిట్ పిన్ను కొత్తది వేసి, "ఇప్పుడు నది మధ్యకు తీసుకెళ్లి గట్టిగా ఇచ్చి రా" అన్నారు. తిరిగివచ్చి మళ్లీ విప్పితే, ఇత్తడి మీద గీత ముక్క ఒక వైపు, అల్యూమినియం మీద గీత ముక్క దాదాపు ఎదురు వైపు ఉన్నాయి. నడుమ రబ్బరు మీద పెయింటు రాసుకుపోయి, మసకగా, వలయంలా అంటుకుని ఉంది. ఇక వాదనకు తావు లేదు. గీత మూడు భాగాల మీదా ఒకే వరుసలో నిలిచి ఉంటే బుష్ బాగున్నట్టు, అప్పుడు గేరు పెట్టె వైపు వెళ్లాలి.

గేరు వైపు ఎలా చూడాలో కూడా చెబుతాను, ఎందుకంటే అందరికీ బుష్ దగ్గరే ఆగదు. ప్లగ్గు తీగలు విడదీసి, మూత తీసి, గేరును ముందుకు వేసి, ఒకరు ప్రొపెల్లర్‌ను తిప్పుతూ ఉంటే మరొకరు మోటారు పైన తిరిగే చక్రాన్ని, అంటే ఫ్లైవీలును, గమనించాలి. ఒక వైపు తిప్పినప్పుడు గేరు పట్టుకుని ఫ్లైవీలు కదలాలి. కటకటమని శబ్దం చేస్తూ రెండు వైపులా తిరిగిపోతే గేరును పట్టి ఉంచే డాగ్ క్లచ్ అంచులు అరిగిపోయి ఉండాలి, లేదా గేరు కడ్డీ సర్దుబాటు తప్పి గేరు పూర్తిగా పడకుండా ఉండాలి. ముందు కడ్డీని సరిచేసి చూడడం మంచిది, అది విప్పకుండానే అయ్యే పని. ఏ శబ్దమూ లేకుండా ప్రొపెల్లర్ తిరిగి, ఫ్లైవీలు కదలకపోతే నిలువు షాఫ్టు పైచివర పళ్లు అరిగిపోయాయేమో చూడాలి. ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా ఉప్పునీటిలో తిరిగిన మోటార్లకు ఈ గతి పడుతుంది. గేరు ఆయిలు కూడా ఒక సాక్ష్యమే. కింది స్క్రూ వదులు చేసినప్పుడు మొదట నీరు కారినా, ఆయిలు పాలలా తెల్లగా వచ్చినా సీలు పోయింది. తీసిన స్క్రూకు ఇనుప రజను సన్నగా అంటుకుని ఉండడం మామూలే. గోరుతో పట్టుకోగలిగిన ముక్కలు వస్తే గేరు పళ్లు విరుగుతున్నాయి. కొత్త ఆయిలును ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిలు వచ్చేవరకు ఎక్కించి, ముందు పై స్క్రూ బిగించి, ఆ తరువాత కింది గొట్టం తీసి కింది స్క్రూ బిగించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది.

రెండవ రకం జబ్బు, అంటే మోటారే వేగం అందుకోకపోవడం, గురించి క్లుప్తంగా చెబుతాను; దానిని బాగుచేయగలవారు ప్రతి రేవులోనూ ఉన్నారు. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పడం మరచిపోతే కొంత దూరం వెళ్లాక పెట్రోలు అందదు. గొట్టంలోని రబ్బరు బల్బును నడుస్తుండగా నొక్కితే వేగం తిరిగి వస్తే పెట్రోలు పంపు పొర చిరిగిందనో, గొట్టంలో గాలి దూరుతున్నదనో గ్రహించాలి. రెండు సిలిండర్ల మోటారులో ఒకటి ఆగిపోయినా రెండవదానితో మెల్లగా బాగానే తిరుగుతుంది, బరువు పడినప్పుడు మాత్రం చేతులెత్తేస్తుంది. ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తడిసి నల్లగా ఉన్నది పని చేయని సిలిండరుది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మన డెల్టా గాలిలో ఎప్పుడూ తేమే కాబట్టి, సగం ఖాళీగా నెలల తరబడి ఉంచిన ట్యాంకులో నీరు అడుగున చేరుతుంది. అడుగు పెట్రోలును గాజు సీసాలోకి కొంచెం తీసి కాసేపు కదలకుండా ఉంచితే నీటి పొర వేరుగా కనిపిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపు పొరలు కూడా ఈ పెట్రోలుకు తట్టుకోలేవు, కనుక వాటిని మార్చుకోవడమే మేలు. కిరోసిను కలిపి నడపడం గురించి ఎవరైనా అడిగితే, దానికోసం తయారైన మోటారుకు తప్ప వద్దనే చెబుతాను. పిస్టను మీద, పొగ దారిలో మసి పేరుకుపోయి ఆ మోటారు శక్తి ఏడాదికేడాది తగ్గిపోతుంది.

చల్లదనానికి వాడే నీరు బయటకు చిమ్మే సన్నటి ధారను ప్రతిసారీ చూడాలి. ఎర్రనీటిలోని ఇసుక పంపు లోపలి రబ్బరు ఇంపెల్లర్ రెక్కలను అరగదీస్తుంది. ధార సన్నబడితే మోటారు వేడెక్కి శక్తి తగ్గుతుంది, ఆపైన పిస్టను పట్టేస్తుంది. వేసవిలో ఉప్పునీటిలో తిరిగిన రోజున సాయంత్రం మోటారును మంచినీటి డ్రమ్ములో నిలబెట్టి పది నిమిషాలు నడపడం మా ఇంట్లో తప్పనిసరి.

మోటారులో ఏ లోపమూ దొరకకపోతే పడవను ఒడ్డుకు లాగి తిరగవేయాలి. ఉప్పునీటిలో కట్టి ఉంచిన పడవ అడుగున గుల్లలు పట్టి గరుకుదేలుతుంది, మంచినీటిలో పాకుడు పడుతుంది. రెండూ వేగాన్ని మింగుతాయి. ఫైబరు పొరల మధ్య ఫోము ఉన్న పడవకు ఎక్కడైనా పగులు పడితే ఫోము నీరు పీల్చి, పడవ ఏడాది తిరిగేసరికి మోయలేనంత బరువవుతుంది. అటువంటి పడవకు కొత్త మోటారు కొన్నా ప్రయోజనం ఉండదు.

మా ప్రొపెల్లర్ బుష్‌ను కాకినాడలో మార్పించాము. పాత రబ్బరును ప్రెస్సులో బయటకు నెట్టి, కొత్తదాన్ని సబ్బునీటితో తడిపి ప్రెస్సులోనే ఎక్కిస్తారు. ఇంట్లో సుత్తితో కొట్టి ఎక్కించాలని చూడకూడదు. ఇత్తడి గొట్టం వంకరగా కూర్చుంటే ప్రొపెల్లర్ వణుకుతుంది, ఆ వణుకు సీలును తినేస్తుంది. స్క్రూలు వేసి బుష్‌ను అల్యూమినియానికి బిగించేవారు కూడా ఉన్నారు. అది మేకుతో షేర్ పిన్ను పని చేయించడం వంటిదే కాబట్టి దానికి నేను ఒప్పుకోను. తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు పళ్లకు నీటికి కరగని గ్రీజు రాసి, ముందు వైపు ఉండే థ్రస్ట్ వాషరు మరచిపోకుండా వేశాము. వాషరు లేకపోతే ప్రొపెల్లర్ ముందుకు జరిగి గేరు పెట్టెను రాసుకుంటుంది. మూత లోపల రాసి ఉన్న పాత వేగం లెక్కకు ఇప్పుడు పడవ చేరుకుంటోంది. తెల్ల గీత మాత్రం కొత్త బుష్ మీద కూడా గీయించాము. ప్రతి వరద తరువాత నట్టు విప్పి ఒకసారి చూస్తే సరిపోతుంది.

ఇక నది మధ్యలో ఉండగానే తోపు పోయినవారి కోసం. థ్రాటిల్‌ను వెంటనే తగ్గించాలి. ఎక్కువ ఇచ్చేకొద్దీ రబ్బరు మరింత జారి, మిగిలిన పట్టు కూడా పోతుంది. బాగా తగ్గించినప్పుడు పడవ ముందుకు కదులుతూ ఉంటే బుష్ ఇంకా కొంత పట్టుకుని ఉన్నట్టే. ఆ మెల్లని వేగంతోనే, ప్రవాహానికి ఎదురుగా కాక ఏటవాలుగా, దగ్గరి ఒడ్డుకు చేరాలి. అసలు కదలకపోతే మోటారుతో కుస్తీ పట్టే ముందు లంగరు వేయాలి. ఓడలరేవు దాపున పాటు నీరు, అంటే పోటు తీసి సముద్రం వైపు వెనక్కు మళ్లే నీరు, లాగుతున్న సమయమైతే ఇది మరీ ముఖ్యం, మూత తీసి చూసేలోపే పడవ నది సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోతుంది. లంగరు నిలిచిన తరువాత మోటారు ఎత్తి రెక్కలు చూడవచ్చు, పిన్ను మార్చవచ్చు, లేదా పోటు తిరిగేవరకు ఆగి తెడ్లతో రావచ్చు. అందుకని మా పడవలో పొడవైన తాడుతో లంగరు, రెండు తెడ్లు, ప్లగ్గు స్పానరు, నట్టుకు సరిపోయే రెంచి, స్ప్లిట్ పిన్నులు, వేరే థ్రస్ట్ వాషరు, లైఫ్ జాకెట్లు ఎప్పుడూ ఉంటాయి. పాత ప్రొపెల్లర్ ఒకటి కూడా పడవ ముక్కు కింద కట్టి ఉంటుంది. దాని రెక్కలు అరిగినా బుష్ మాత్రం గట్టిది, మెల్లగా ఇంటికి చేర్చడానికి అది చాలు.